ఈసారి బ్యూరెట్ చెప్పిందే రాస్తాను

జూలై 7, సోమవారం

కొత్త సెమిస్టర్. కొత్త డైరీ. కొత్త గోపిక!

డైరీ తెలుగులో. మా ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు, ఒక్కరికీ చదవడం రాదు. నాయన తమిళ బడి, అమ్మ ఇంగ్లీషు మీడియం, అవ్వ ఏ బడీ కాదు. కరోనా సెలవుల్లో ఫోన్ చూసి అక్షరాలు నేర్చుకున్నది నేనొక్కదాన్నే. కోయంబత్తూరు జిల్లాలో ఇంతకన్నా గట్టి తాళం లేదు.

ఇవాళ ల్యాబులో కొత్త మేడమ్. పేరు శివకామి. మా పాత రికార్డులన్నీ ముందేసుకుని కూర్చున్నారు. (ఆవిడ తమిళంలో అంటారు, నేను నా తెలుగులో రాసుకుంటాను.)

"క్లాసులో ఇంతమంది ఉన్నారు. అందరి బ్యూరెట్లూ ఒకే గీత దగ్గర ఆగాయి. చాలా ఐకమత్యం. ఆ రోజు సెలవు పెట్టినమ్మాయి బ్యూరెట్ కూడా అక్కడే ఆగింది."

సెలవు పెట్టినమ్మాయి లక్ష్మిప్రియ, నా స్నేహితురాలు. కిసుక్కున నవ్వింది. తర్వాత మేడమ్ నా రికార్డు తెరిచారు.

"గోపిక, నీ రికార్డు ఎంత అందంగా ఉందో. కల్యాణ మండపంలా ఉంది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అది మెచ్చుకోలు కాదని గాంధీపురం బస్టాండులో తట్టింది.

తప్పు మా ఒక్కళ్లదే కాదు. మా కాలేజీలో సీనియర్ల రికార్డులు పెళ్లి నగల్లా చేతులు మారుతుంటాయి. బ్యూరెట్ అనే ఆ పొడుగాటి గాజు గొట్టంలో ద్రావణం నింపి, కింద ఫ్లాస్కులోకి బొట్టు బొట్టుగా వదిలి, రంగు మారగానే ఆపి, ఎంత దిగిందో గీత చూసి రాయాలి. మేము గొట్టం చూడం. సీనియర్ రికార్డు చూస్తాం.

ప్రతిజ్ఞ: ఈ సెమిస్టర్‌లో ఒక్క దొంగ రీడింగ్ కూడా రాయను. కంటికి కనబడిందే రాస్తాను. అదీ పెన్నుతో! పెన్సిల్ పట్టుకోవడంలోనే దొంగబుద్ధి ఉంది.

పైగా ఈ సెమిస్టరే నా తలరాత. ఫస్ట్ క్లాస్ వస్తే మధురైలో ఎమ్మెస్సీ. రాకపోతే గాంధీపురంలో చెన్నకేశవన్ చిన్నాయన పంపుల కొట్టులో బిల్లులు కొట్టాలి. ఇది నాయన తీర్పు. ఇప్పటిదాకా నాది యాభై ఎనిమిది శాతం. లాగాల్సింది ప్రాక్టికల్ మార్కులే.

నిజం చెప్తూ ఎమ్మెస్సీకి వెళ్తాను. రెండూ చేసి చూపిస్తాను!

జూలై 10, గురువారం

మొదటి నిజాయితీ ప్రయోగం. పర్మాంగనేట్. ఎంత చక్కటి ఊదా రంగు!

నా రీడింగులు: 20.9, 21.4, 20.6. మూడూ ఒకదానితో ఒకటి కుదరాలి. కుదరలేదు.

లక్ష్మిప్రియవి: 19.8, 19.8, 19.8. ఈ ప్రయోగంలో యాసిడ్ వేడి చేయాలి. ఆమె బర్నర్ వెలిగించనే లేదు.

లక్ష్మిప్రియ మధురై అమ్మాయి. మాట్టుతావణి బస్టాండు దగ్గర వాళ్ల నాన్నకు తాళ్ల కొట్టు, ఆమె ఇక్కడ హాస్టల్లో. ఆమె తెలుగు వేరు, నా తెలుగు వేరు. అయినా క్లాసులో గొడవ పడటానికి ఇద్దరం అదే వాడతాం, పక్కవాళ్లకు అర్థం కాదని.

"ఏమే గోపీ, పైత్యమా నీకు? మూడు రీడింగులు మూడు ఊళ్లకు పోతా ఉండాయే!"

"ఏ ఊరికైనా పోనీ. టికెట్ కొనే పోతా ఉండాయి."

మార్కులు: నాకు పదికి ఐదు. ఆమెకు తొమ్మిది. పరవాలేదు. మొదటి రోజు. సత్యానికి కాస్త టైము పడుతుంది.

జూలై 14, సోమవారం

బెంజోయిక్ యాసిడ్ తయారీ. తెల్లటి పొడి వచ్చింది. తూచాను. రావలసినదానిలో నూటపన్నెండు శాతం!

రావలసినదానికంటే ఎక్కువ ఎలా వస్తుంది? మేడమ్ వేలితో నొక్కి చూశారు. "తడి ఆరకుండానే తూచావు. సగం నీళ్లే."

ఆరబెట్టడానికి టైము లేదు. కనబడిందే రాయాలి కదా. నూటపన్నెండు అని రాశాను. పెన్నుతో.

"ఇది ల్యాబ్ కాదే, చీటీ కంపెనీ" అంది లక్ష్మిప్రియ.

నాలుగు మార్కులు.

జూలై 17, గురువారం

బయోకెమిస్ట్రీ ల్యాబ్. మాల్టోజ్ స్ఫటికాలు. మైక్రోస్కోపులో పొద్దుతిరుగుడు పువ్వుల్లా కనబడతాయని పుస్తకంలో ఉంది. క్లాసంతా పువ్వులు గీసింది. ఒకమ్మాయి ఆకులు కూడా గీసింది.

నాకు కనబడింది ఒక నల్లటి గీత. వంకరగా ఉంది. కనబడింది కనబడినట్టు గీశాను.

"ఇదేమిటి?"

"కనిపించింది మేడమ్."

మేడమ్ వంగి చూశారు. చాలాసేపు చూశారు. "గోపిక, ఇది నీ వెంట్రుక."

బొమ్మ మాత్రం బాగా కుదిరిందన్నారు. మళ్లీ నాలుగే మార్కులు. ఇంట్లో చెబితే అమ్మ, "నూనె రాసి జడ బిగించేసుకోమంటే వింటివా?" అంది. ఈ ఇంట్లో విజ్ఞానానికి విలువ లేదు.

జూలై 20, ఆదివారం

రేపు నీటి కఠినత్వం. ఎవరి ఇంటి నీళ్లు వాళ్లు తేవాలి. నీళ్లలో కాల్షియం లాంటివి ఎంత ఉన్నాయో లెక్క కడతాం.

ఇది నా రోజు! సీనియర్ల రికార్డులో మా బావి లేదు. ఎవరూ కాపీ కొట్టలేరు, కొట్టనక్కర్లేదు.

సీసా కడిగి రామక్కాళ్ అవ్వ చేతికిచ్చాను. మా బావి నీళ్లంటే అవ్వకు ప్రాణం. పక్కూళ్లో అందరూ క్యాన్ నీళ్లు కొంటారు, మేము కొనం.

"అవ్వా, పొద్దున నేను లేచేసరికి దీంట్లో బావి నీళ్లు పోసి పెట్టవా? కాలేజీకి. మా టీచరమ్మ అడిగింది."

"టీచరమ్మ మన బావి నీళ్లు అడిగిందా!" అవ్వ ముఖం వెలిగిపోయింది. "కండిప్పా, తప్పకుండా పోసి పెడతాను కణ్ణు."

జూలై 21, సోమవారం

మా బావి నీళ్లు క్లాసులోకెల్లా మెత్తటివి! కఠినత్వం అంతంత మాత్రమే. "తేనె లాంటి నీళ్లు, మా ముత్తాత తవ్వించిన బావి" అని బెంచీ బెంచీకీ తిరిగి చెప్పాను.

మేడమ్ నమ్మలేదు. మీ వైపు నీళ్లు ఇంత మెత్తగా ఉండవే అన్నారు. సీసా మూత తీసి వాసన చూశారు.

"గోపిక, మీ బావిలో జీలకర్ర పండుతుందా?"

సాయంత్రం ఇంట్లో.

"అవ్వా, నీళ్లలో ఏమి ఏసినావు?"

"ఏల, బాగలేదన్నిందా? పచ్చినీళ్లు పంపిస్తే మనింటి మర్యాద ఏమౌను? బాగా కాచి, జీలకర్ర ఏసి, సల్లార్చి, వడగట్టి పోస్తిని. ఇంటికొచ్చినోళ్లకి ఎట్లిస్తామో అట్లే."

"తాగేదానికి కాదవ్వా! పరీక్ష చేసేదానికి!"

"తాగకుండా నీళ్లు ఎట్ల ఉండాయని ఎట్ల తెలుసును? ఏం చదువమ్మా మీది!"

వంటింట్లోకి వెళ్లి అవ్వ నీళ్లు కాచిన గిన్నె చూశాను. అడుగున తెల్లటి పెచ్చు. నేను లెక్క కట్టాల్సిన కాల్షియంలో సగం గిన్నె అడుగునే కూర్చుంది.

జూలై 24, గురువారం

పచ్చి నీళ్లతో మళ్లీ చేశాను. సీసా నేనే ముంచాను, అవ్వను బావి దగ్గరికి రానివ్వలేదు.

ఎరుపు నీలంగా మారాలి. మారదు. బ్యూరెట్ ఖాళీ. మళ్లీ నింపాను. మారదు. మిగిలినవాళ్లు చేతులు కడుక్కుని టిఫిన్ డబ్బాలు తెరిచారు. చివరికి నీలం! క్లాసులో అందరికంటే గట్టి నీళ్లు మావే.

"మీ బావి నీళ్లతో గోడ కట్టొచ్చే, సిమెంటే అక్కర్లేదు" అంది లక్ష్మిప్రియ.

"గట్టి నీళ్లే. కానీ నీ లెక్క అంతకంటే గట్టిగా ఉంది, ఇంత రాకూడదు" అన్నారు మేడమ్. ఐదు.

ఇంట్లో నిజం చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. "పుట్టినప్పట్నుంచి ఆ నీళ్లే తాగి ఇంత పొడుగైనావు. ఇప్పుడు దానికే వంక పెడతావా?" అని అవ్వ మాట మానేసింది. దోసె కూడా అమ్మ చేతే పంపింది.

కాలేజీలో మార్కుల్లేవు. ఇంట్లో మాటల్లేవు. సత్యవ్రతం అంటే ఇదే కాబోలు.

జూలై 28, సోమవారం

మొదటి మూడు వారాల ల్యాబ్ మార్కులు వచ్చాయి. యాభైకి నాకు ఇరవై మూడు. లక్ష్మిప్రియకు నలభై ఐదు.

ఈ కాలేజీ మార్కులు నేరుగా తల్లిదండ్రుల ఫోన్‌కే పంపుతుంది. నాయన తిట్టలేదు. తిడితే బాగుండేది. అన్నం కలుపుతూ, "చెన్నకేశవన్ ఫోన్ చేసినాడు. కొట్లో కంప్యూటర్ తెలిసినోళ్లు కావాలంటా ఉండాడు" అన్నాడు. అంతే.

బాత్రూంలో కొళాయి తిప్పి ఏడ్చాను. నాకు మధురై వెళ్లాలని ఉంది. ల్యాబ్ కోటు వేసుకుని ఇంకో రెండేళ్లు గడపాలని ఉంది. పంపు హార్స్‌పవర్ ఎంతని జీవితాంతం అడుగుతూ కూర్చోలేను.

ఏడుపయ్యాక ఆలోచించాను. ఒక చిన్న సవరణ. దశాంశం తర్వాత అంకెను కాస్త అటూ ఇటూ చేయడం అబద్ధం కాదు. శాస్త్రంలో దాన్ని రౌండ్ చేయడం అంటారు.

జూలై 31, గురువారం

వచ్చినవి: 20.7, 20.3. రాసినవి: 20.5, 20.5.

మనిషి నిలబడే ఎత్తును బట్టి గీత కాస్త పైకీ కిందికీ కనబడుతుందని పుస్తకంలోనే ఉంది. నేను ఒకసారి మునివేళ్ల మీద నిలబడ్డాను, ఒకసారి వంగాను. ఈ లెక్కన మధ్యదే నిజం.

ఏడు మార్కులు! ఇది అబద్ధం కాదు. సర్దుబాటు. కాపురాలే సర్దుబాటు మీద నడుస్తాయని అవ్వ అంటుంది. (అవ్వ మాట్లాడుతోంది. నిన్నటి నుంచి.)

ఆగస్టు 4, సోమవారం

మొదటి రీడింగ్ నిజంగా తీశాను. రెండోదానికి దాని కవలను రాశాను. రెండోసారి చేసినా అదే వచ్చి ఉండేది. రాదని ఎవరు నిరూపిస్తారు?

ఎనిమిది!

పెన్ను కక్కుతోంది. ప్రస్తుతానికి పెన్సిల్.

ఆగస్టు 7, గురువారం

బస్సు లేటు. ల్యాబుకు వెళ్లేసరికి అందరూ సగంలో ఉన్నారు. ఒక్కసారి చేశాను. 19.1 వచ్చింది. 19.3 చూడటానికి బాగుంటుందనిపించి అదే మూడుసార్లు రాశాను.

వెనక్కి తిరిగి చూస్తే వెనక బెంచీ మొత్తం 19.3 రాస్తోంది. ఎక్కడిదే ఇది అని అడిగాను.

"నీదే" అంది లక్ష్మిప్రియ. "గోపిక అబద్ధం రాయదు, అది మేడమ్‌కీ తెలుసు. నీది చూసి రాస్తే సందేహమే పడరు."

సిగ్గేసింది. నిజంగా సిగ్గేసింది. వాళ్లకు చెప్పాలి. మోడల్ ప్రాక్టికల్ అయ్యాక చెబుతాను.

ఆగస్టు 14, గురువారం

మోడల్ ప్రాక్టికల్. దీనికి మార్కులు ఎక్కువ.

తొందరలో బ్యూరెట్ కుళాయి తిప్పడం ఎక్కువైంది. లేత గులాబీ రంగు రావాలి, బీట్‌రూట్ పచ్చడి వచ్చింది. రెండోసారీ అంతే. గడియారం పరిగెత్తుతోంది. నాయన ముఖం కళ్ల ముందు. పక్క బెంచీ మీద లక్ష్మిప్రియ కాగితం.

చూశాను. 19.3. రాశాను.

ప్రతిజ్ఞ మరణించింది. పరామర్శకు ఎవరూ రానక్కర్లేదు.

బయటికొచ్చాక లక్ష్మిప్రియకు చెప్పాను.

"అడి పావీ, పాపిష్టిదానా! నాది చూసి రాసినావా? నేను నీది గుర్తు పెట్టుకుని రాసినానే! పోయిన వారం నువ్వు రాసింది!"

అంటే నేను దొంగిలించింది నా అబద్ధాన్నే. ఇంతకన్నా దరిద్రం ఉందా?

ఆగస్టు 18, సోమవారం

మేడమ్ మా ఇద్దర్నీ పిలిచారు. టేబుల్ మీద రెండు జవాబు కాగితాలు.

"ఒక్కొక్కరికి ఒక్కో గాఢత ఇచ్చాను. నీకు పదిహేడు చిల్లర రావాలి. ఆమెకు ఇరవై రెండు. ఇద్దరూ 19.3 రాశారు."

ఇద్దరికీ సున్నా. లక్ష్మిప్రియను పంపించేశారు. నన్ను ఉండమన్నారు.

నేను అన్నీ కక్కేశాను. ప్రతిజ్ఞ, పెన్ను, ఎమ్మెస్సీ, పంపుల కొట్టు. "నిజం రాసినన్నాళ్లూ మీరు ఐదు మార్కులిచ్చారు మేడమ్. సర్దడం మొదలుపెట్టాకే ఎనిమిది ఇచ్చారు" అని కూడా అన్నాను. ఆ ధైర్యం ఎక్కడిదో నాకు తెలియదు.

మేడమ్ కళ్లజోడు తీసి పక్కన పెట్టారు.

"నిజం రాసినందుకు నీకు మార్కులు తగ్గాయనుకున్నావా? నువ్వు ప్రయోగం తప్పుగా చేస్తున్నావు గనక తగ్గాయి. నువ్వు రాసింది నిజమని నాకు తెలుసు. అంత ఘోరమైన అంకెలు ఎవరూ కల్పించలేరు."

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఇన్నాళ్లూ సత్యం కోసం శిలువ మోస్తున్నాననుకున్నాను. నిజానికి నాకు పని రాదు!

"నీ అంకెలు ఎప్పుడూ ఎక్కువే వస్తాయి. ఎందుకో చూద్దాం. నా ముందు చెయ్యి."

బ్యూరెట్ కడిగాను. స్టాండుకు బిగించాను. ద్రావణం పోయబోయాను.

"ఆగు. అడుగున ఆ నీళ్లేమిటి?"

చూశాను. రెండు వేళ్ల ఎత్తు నీళ్లు.

"కడిగాక కొంచెం ఉంచాను మేడమ్."

"ఎందుకు?"

ఎందుకో నేనెప్పుడూ ఆలోచించలేదు. అప్పుడే తెలిసింది. "మా ఇంట్లో కడిగిన గిన్నె ఖాళీగా పెట్టరు మేడమ్. కొంచెం నీళ్లుంచాలి. ఖాళీగా పెడితే ఇంటికి మంచిది కాదని మా అవ్వ..."

మేడమ్ నవ్వడం మొదలుపెట్టారు. బెంచీ పట్టుకుని నవ్వారు. కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వారు. ఆ నీళ్లతో ద్రావణం పలచబడుతుంది. పలచబడితే ఎక్కువ పడుతుంది. ప్రతి రీడింగుకూ కడిగి ఒక్కోసారి ఒక్కో ఎత్తు నీళ్లు మిగిల్చాను గనక ఒక్కోసారి ఒక్కో అంకె. కడిగాక ద్రావణంతోనే ఒకసారి తొలిపి పారబోయాలని మొదటి సంవత్సరం నుంచీ టీచర్లందరూ చెబుతూనే ఉన్నారు. విన్నాను, పరీక్షలో రాశాను కూడా. చెవులు కాలేజీవి, చేతులు అవ్వవి.

గురువారం మళ్లీ పరీక్ష పెడతానన్నారు. సగం మార్కులే ఇస్తానన్నారు. "కాపీకి సున్నా ఉంటుంది, అది చెరపను" అన్నారు. చెరపమని నేనూ అడగలేదు.

ఆగస్టు 21, గురువారం

బ్యూరెట్ కడిగాను. తలకిందులుగా పట్టుకుని చివరి బొట్టు దాకా వదిలాను. అవ్వ చూస్తే ఏమనేదో అనుకున్నాను. ద్రావణంతో తొలిపాను. పారబోశాను. నింపాను.

17.4.

మళ్లీ చేశాను. 17.4.

మూడోసారి కళ్లు మూసుకుని దేవుడికి దండం పెట్టి చూశాను. 17.4!

లేత గులాబీ రంగు, పోకుండా నిలబడింది. దాన్ని చూస్తూ నేనూ నిలబడ్డాను. ఇంత సంతోషం నాకు పుట్టినరోజుకు కూడా రాలేదు. మేడమ్ వచ్చి చూసి, తన చీటీ చూసి, టిక్కు కొట్టి వెళ్లారు.

పక్క నుంచి లక్ష్మిప్రియ, "ఎంతే?" అని గొణిగింది. ఆమెకూ ఇవాళే మళ్లీ పరీక్ష.

"చెప్పను. బర్నర్ ఎట్ల వెలిగించేదో అయితే చెప్తాను, రా."

ఆగస్టు 24, ఆదివారం

చెన్నకేశవన్ చిన్నాయన భోజనానికి వచ్చాడు. చెయ్యి కడుక్కోకముందే ఫోన్ తీసి ఫొటో చూపించాడు. కొట్లో నా కోసం కొత్త కుర్చీ. గుండ్రంగా తిరుగుతుంది. సరిగ్గా ఏసీ కింద వేశాడు. కుర్చీ బాగుంది, ఆ మాట ఒప్పుకోవాలి.

"ఎప్పుడమ్మా వస్తావు? కొట్టు నీకోసం కాసుకోనుండాది."

నాయన నా వైపు చూశాడు. నిన్న నాయనకు అంతా చెప్పాను. సున్నా సంగతీ చెప్పాను, 17.4 సంగతీ చెప్పాను. మీసం దువ్వుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు.

"నవంబరులో పరీక్ష ఉండాది చిన్నాయనా" అన్నాను.

"అదువరకు ఆ కుర్చీలో ఎవురు కూర్చునేది?"

"నువ్వే కూర్చోరా" అన్నాడు నాయన. "దానికి చేతికి పని ఇప్పుడే వచ్చుండాది. దాని చదువు దాన్ని చదవనీ."

అవ్వ మజ్జిగ పోస్తూ, "కుర్చీ ఖాళీగా పెట్టకూడదురా, కూర్చో" అంది.

గదిలోకి వచ్చి తలుపేసుకుని లెక్క వేశాను. మిగిలిన ప్రాక్టికల్స్ అన్నిట్లో తొమ్మిదికి తగ్గకుండా వస్తే, నవంబరు పరీక్ష బాగా రాస్తే, ఫస్ట్ క్లాస్ అంచు తగులుతుంది. అంచే. ఒక్క ఎనిమిది వచ్చినా తిరిగే కుర్చీ.

నమ్మకం కలగక మళ్లీ వేశాను. మళ్లీ వేశాను. మూడుసార్లూ ఒకే జవాబు వచ్చింది, ఎవరిదీ చూడకుండా.

ప్రతిజ్ఞ, మొదటి నుంచి: ఈ సెమిస్టర్‌లో మిగిలినదాంట్లో ఒక్క దొంగ రీడింగ్ కూడా రాయను. పెన్నుతోనే రాస్తాను. రేపు సోమవారం. ల్యాబ్ ఉంది.